రేడియో మోసే తమ్ముడు

సకాయ్
1994 మే 22

అక్కకి,

నాట్లకి నీళ్ళు కట్టే రోజులొచ్చాయి, మీ అకితాలో కొండమీద మంచు ఇంకా కనబడుతూనే ఉంటుంది, అందరూ క్షేమమని తలుస్తాను. ఋతువు మాట లేకుండా ఉత్తరం మొదలుపెడితే చిన్నప్పుడు చెవి మెలేసేదానివి కాబట్టి ఆ పని ముందు కానిచ్చాను.

నేను మందు మానేసి ఏడు నెలలైంది. నువ్వు నమ్మవని తెలుసు. ఇంతకుముందు నాలుగుసార్లు ఇదే మాట రాశాను, నాలుగుసార్లూ తాగే రాశాను. ఈసారి రాత చూడు, వరసలు తిన్నగా ఉన్నాయి. కత్తులకి పిడులు బిగించే పని మళ్ళీ ఇచ్చారు. పిడి వంకరపోతే మా యజమాని ఏమీ అనడు, ఆ కత్తి తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోతాడు. ఈ నెలలో ఒక్కటీ పెట్టలేదు.

మానడం కంటే మానాక బతకడం కష్టంగా ఉందక్కా. ఆరింటికి షాపు కట్టేస్తారు. పదింటికి నిద్రొస్తుంది. మధ్యలో నాలుగు గంటలున్నాయని ముప్ఫై ఏళ్ళుగా నాకు తెలియనే తెలియదు. స్నేహితుల దగ్గరికి వెళ్దామంటే ఒక్కడి ఇల్లూ ఎరగను. బార్లో ఎవడు ఏ స్టూలు మీద కూర్చుంటాడో మాత్రం తెలుసు. మొదటి నెల ఏమీ తోచక వీధి చివరి స్నానాల ఇంటికి రోజూ రెండుసార్లు వెళ్ళాను. అక్కడి ముసలాయన "ఏమయ్యా, చర్మరోగం గానీ ఉందా?" అని అడిగాడు.

ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు మందు మానినవాళ్ళ సంఘానికి వెళ్తున్నాను. అక్కడ పేరు దాచుకోవడం ఉండదు. లేచి పేరు చెప్పి, తాగి ఏం చేశామో చెప్పి కూర్చోవాలి. ఎవరూ సలహాలివ్వరు, తిట్టరు. మగవాళ్ళ పక్కన వాళ్ళ భార్యలో తల్లులో కూర్చుంటారు, వాళ్ళూ లేచి తాము పడ్డదేదో చెబుతారు. సుమికో నన్ను వదిలి వెళ్ళి పదకొండేళ్ళు కదా, నా పక్క కుర్చీలో నా టోపీ కూర్చుంటుంది.

ఇంకో సంగతి. ఈ మధ్య రోజూ తొమ్మిదిమంది ఆడవాళ్ళు నాకోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. వివరాలు వచ్చే ఉత్తరంలో.

బావనీ చిఫుమినీ అడిగానని చెప్పు.

తమ్ముడు,
కనెహికో


అకితా
జూన్ 14

కనెహికోకి,

వానలు మొదలయ్యాయి. బట్టలు ఆరడం లేదు. ఋతువు మాట ఇంతే చాలు.

తొమ్మిదిమంది ఆడవాళ్ళా! యాభై ఏళ్ళొచ్చాయి, జుట్టు సగం పోయింది, నీకోసం ఎదురుచూసే ఆ మహాతల్లులెవరు? ఒక పీడ వదిలిందని దండం పెట్టుకునేలోగా ఇంకో పీడ తగులుకుందా? బావకి చదివి వినిపిస్తే "తొమ్మిదిమందే?" అని పేపరు తిప్పేశాడు. ఆయన గొంతులో కాస్త అసూయ కూడా వినబడింది. మీ మగాళ్ళందరూ ఒక తానులో గుడ్డలే.

చిఫుమికి సంబంధం కుదిరింది. అబ్బాయిది పోస్టాఫీసు ఉద్యోగం, నెమ్మదస్తుడు. వాళ్ళ పెదనాన్నకి సాకే సారా కొట్టుంది, ఆయన మాత్రం నెమ్మదస్తుడు కాడు. నవంబరు 5న మన గుళ్ళోనే పెళ్ళి. "కనెహికో మావయ్య లేకుండా ఎలాగమ్మా" అని అది రోజూ అంటోంది. నేను అవుననీ కాదనీ అనలేదు. అమ్మ దహనం రోజు నిన్ను చూసినవాళ్ళందరూ ఈ పెళ్ళికి వస్తారు. అంతకంటే విడమరిచి రాయలేను.

ఒక డబ్బా పంపుతున్నాను. సాకే మడ్డిలో ఊరేసిన ముల్లంగి, అచ్చం అమ్మ చేసినట్టే చేశాను. వేడన్నంలో తిను. మందు మానానని తిండి కూడా మానకు.

ఫుసాకో


సకాయ్
జూలై 20

అక్కకి,

వానలు వెళ్ళాయి, పార్కులో కీచురాళ్ళు చెవులు తినేస్తున్నాయి, నువ్వు ఎండలో తిరగకుండా ఉంటావని తలుస్తాను.

జవాబు ఆలస్యమైంది. కారణం ముల్లంగి. మూత తీశానో లేదో సాకే వాసన ముఖాన కొట్టింది. నోట్లో నీళ్ళూరాయి. మూత బిగించి, చెప్పులైనా వేసుకోకుండా ఇకోమా అమ్మగారింటికి పరుగెత్తాను. ఆవిడ మా వీధిలోనే ఉంటుంది, డెబ్భై ఎనిమిదేళ్ళు. "ఇది మీరు తినండి, నా కంట పడనివ్వకండి" అన్నాను. ఆవిడ ఓ ముక్క కొరికి, "మీ అక్క చెయ్యి మంచిదే, బుర్రే కుదురుగా లేదు" అంది. నీ మీద నాకు కోపం లేదక్కా. అమ్మ ఊరగాయ అని ప్రేమగా పంపావు. మడ్డి కూడా మందేనని మానినవాడికే తెలుస్తుంది. ఆ వారమంతా రోజూ సంఘానికి వెళ్ళాను. మా శాఖ కూడని రోజున పక్క ఊరి శాఖకి వెళ్ళాను.

నువ్వు అనుమానపడ్డ తొమ్మిదిమందిలో ఈ ఇకోమా అమ్మగారే పెద్దది. చిన్నదానికి అరవై ఎనిమిది. పొద్దున్నే ఆరున్నరకి పార్కులో రేడియో పెట్టుకుని కసరత్తు చేస్తారు. రేడియో ఆవిడదే, ఆరు బ్యాటరీలది, ఇటుకరాళ్ళ మూటంత బరువు. ఏప్రిల్లో ఆవిడకి నడుం పట్టేసింది. నేను నిద్రపట్టక బెంచీమీద కూర్చుని ఉంటే, "ఓ అబ్బాయ్, ఊరికే కూర్చున్నావుగా, రేపట్నించి ఇది నువ్వు మొయ్యి" అంది. మోశాను. పెట్టేసి వెళ్ళబోతే "ఎక్కడికి? వరసలో నిలబడు" అంది. నిలబడ్డాను.

ఇప్పుడు ఆ రేడియో నా గదిలోనే ఉంటుంది. సాయంత్రం తాగితే పొద్దున్న లేవలేను. నేను లేవకపోతే తొమ్మిదిమంది చేతులు చాచుకుని పాట లేకుండా నిలబడిపోతారు. నవ్వుకో, కానీ చాలా సాయంత్రాలు నన్ను ఆపింది అదొక్కటే. కసరత్తయ్యాక ఎవరో ఒకరింట్లో టీ తాగుతాం. కోడళ్ళ మీద చాడీలన్నీ నాకే చెబుతారు. ఆదివారం వాళ్ళ వంటగదుల్లో కత్తులన్నీ సానబెట్టి ఇస్తాను. నాకూ పోవడానికి తొమ్మిది ఇళ్ళున్నాయిప్పుడు.

ముల్లంగి వచ్చిన వారంలోనే సభలో లేచి అమ్మ దహనం రోజు సంగతి చెప్పాను. మొదటిసారి చెప్పాను. నలభైమంది విన్నారు. గుండెమీద బండ దించినట్టైంది. నువ్వు ఒక్కసారి వచ్చి, ఆ టోపీ తీసి పక్కన పెట్టి, నా పక్కన కూర్చుంటే బాగుండును. కావాలంటే నువ్వూ మాట్లాడవచ్చు.

తమ్ముడు


అకితా
జూలై 27

కనెహికో,

ఋతువు మాట ఈసారి లేదు.

నలభైమంది ముందా? ఇంటి గుట్టు ఇంట్లో ఉండాలని అమ్మ చచ్చేదాకా కాపాడుకొచ్చింది. ఆవిడ ఎముకల కథ తీసుకెళ్ళి ఊరూ పేరూ తెలియనివాళ్ళ ముందు పరిచి, బండ దిగిందని సంబరపడుతున్నావా? నీ గుండె మీద దించిన బండ ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించావా?

పైగా నన్ను వచ్చి కూర్చోమంటావా? నేనేం చేశానని? బోనెక్కించి అడగడానికా?

ఏం చెప్పావో పొల్లుపోకుండా రాయి. ఎవరెవరి పేర్లెత్తావో అదీ రాయి. అంతవరకూ పెళ్ళి మాట నా దగ్గర ఎత్తకు.

ముసలమ్మల కథ బావ నమ్మాడు. నేను నమ్మలేదు.

ఫుసాకో


సకాయ్
ఆగస్టు 5

అక్కకి,

ఎండలు మండుతున్నాయి. నీకు ఇంత కోపం తెప్పించినందుకు క్షమించు.

నేను చెప్పింది ఇది. "నా పేరు కనెహికో. ఆరేళ్ళ క్రితం మా అమ్మ దహనానికి వెళ్ళాను. ముందురోజు శవం దగ్గర జాగారం నించి మా అక్క నన్ను చుక్క ముట్టనివ్వలేదు. దహనం అయ్యేదాకా అందరూ గదిలో కూర్చుని ఉంటే, నేను అమ్మ పటం ముందు పెట్టిన సాకే సీసా దొంగిలించి, చేతులు కడుక్కునే చోట నిలబడి తాగేశాను. తర్వాత ఎముకలు ఏరడానికి పిలిచారు. చివర్న గొంతు ఎముక అక్కా నేనూ చెరో జత పుల్లలతో ఎత్తాం. నా వైపు జారిపోయింది. అమ్మ గొంతు నేలమీద పడింది. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో నాకు తెలీదు." చెప్పి కూర్చున్నాను.

నీ పేరు ఎత్తలేదు. నన్ను ఆపిన మనిషిగానే చెప్పాను. సీసా తీసిన సంగతి నాకు గుర్తు లేదు, తర్వాత మీరందరూ చెబితే తెలిసిందే. గుర్తు లేనంత మాత్రాన చేయనట్టు కాదుగా.

పెళ్ళికి నేను రాలేను. నువ్వు పిలవకముందే చెప్పేస్తున్నాను. ఇరువైపుల బంధువులూ ఒక్కసారిగా సాకే గిన్నె ఎత్తే ఘట్టం ఉంటుంది కదా. తాగకపోతే చుట్టరికం ఒప్పుకోనట్టు. తాగితే నేను అయిపోయినట్టు. ఎత్తి తాగినట్టు నటించవచ్చు, కానీ మా సంఘం పెద్దలు "పెదవికి తగిలితే గొంతుకి తగిలినట్టే" అంటారు, వాళ్ళు అనుభవం మీద చెబుతున్నారు. చిఫుమికి ఏదో ఒకటి సర్దిచెప్పు.

తమ్ముడు


అకితా
సెప్టెంబరు 12

కనెహికోకి,

ఎండ తాపం తగ్గింది, చేలు పసుపుపచ్చ తిరిగాయి. నీ ఆరోగ్యం జాగ్రత్త.

"రాలేను" అన్న మాట చదవగానే మళ్ళీ మొదలెట్టావనుకున్నాను. నీ రాలేనులు నాకు కొత్తా? గిన్నె సంగతి సాకు అనుకున్నాను. అందుకే బావని నీకు చెప్పకుండా రాత్రి రైలెక్కించి పంపాను. తెల్లారి వెళ్ళి నువ్వు ఏ స్థితిలో ఉన్నావో చూసి రమ్మన్నాను. మూడోరోజు నడుం పట్టుకుని మూలుగుతూ దిగాడు.

"ఎలా ఉన్నాడు?" అన్నాను.

"రేడియో మోస్తున్నాడు."

"తాగి ఉన్నాడా అని అడుగుతున్నా."

"రేడియో మోస్తున్నాడంటే అర్థం కాదేమే?"

ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆ మనిషి నా మీద గొంతు లేపడం అదే మొదలు. ఆయన్ని కూడా వరసలో నిలబెట్టి వంగదీశారట కదా. ఇకోమా అమ్మగారు ఆయనతో "బావమరిదిని అనుమానించి వచ్చావా? ఇంకో పది సార్లు వంగు" అన్నదట. ఇప్పుడు మా ఇంట్లోనూ పొద్దున్నే ఆరున్నరకి పాట మొదలవుతోంది.

ఇక రాయాల్సింది రాస్తాను. దీన్ని నాలుగుసార్లు రాసి చించాను.

ఆ సీసా నువ్వు దొంగిలించలేదు. నేనే ఇచ్చాను.

జాగారం నించి నిన్ను ముట్టనివ్వని మాట నిజమే. కానీ పొద్దుటికి నీ చేతులు ఎలా వణికాయో నీకు గుర్తుందా? టీ కప్పు పట్టుకోలేకపోయావు. ఆ చేతులతో బంధువులందరి ముందు అమ్మ ఎముకలు ఎలా ఎత్తుతావని భయమేసింది. అమ్మ మీద ప్రేమతో కాదు, పరువు కోసం. నేనే పటం ముందున్న సీసా తీసి, నిన్ను చేతులు కడుక్కునే చోటికి తీసుకెళ్ళి, టీ కప్పులో పోసి, "ఒక్క కప్పు, చేతులు కుదురుకోవడానికి" అన్నాను. నువ్వు "వద్దక్కా" అన్నావు. అన్నావు కనెహికో, నాకు బాగా గుర్తుంది. నేను కప్పు నీ నోటికి పెట్టాను. ఎవరో పిలిస్తే సీసా అక్కడే వదిలి వెళ్ళాను. మిగతాది నువ్వు తాగావు.

అమ్మ ఎముక పడ్డాక అందరూ నన్ను చూశారు. "దొంగిలించి తాగాడు" అన్నాను. మర్నాడు నీకు ఏమీ గుర్తులేదని తెలిసి, నీకూ అదే చెప్పాను. ఆరేళ్ళు తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నువ్వు నలభైమంది ముందు మాట్లాడావనగానే నాకొచ్చింది కోపం కాదు, భయం. ఎవరు పోశారో నీకు గుర్తొచ్చి చెప్పేశావేమోనని.

ఇప్పుడు నువ్వు ఏమన్నా పడతాను.

ఫుసాకో


సకాయ్
సెప్టెంబరు 20

అక్కకి,

సాయంత్రాలు చల్లబడ్డాయి.

కోపం వచ్చింది, దాచను. రెండురోజులు పిడులు వంకరగా బిగించాను, యజమాని మూడు కత్తులు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆరేళ్ళుగా నేను అమ్మ ముందు చెయ్యి చాచి దొంగిలించిన కొడుకునని నమ్మాను. ఎన్నో సాయంత్రాలు ఆ మాటకే తాగాను.

మూడోరోజు పొద్దున కసరత్తులో చేతులు పైకెత్తేటప్పుడు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. మా వాళ్ళు పాట ఆపలేదు, ఇకోమా అమ్మగారు మాత్రం నా పక్కకొచ్చి నిలబడి చేసింది. తర్వాత టీ దగ్గర సంగతంతా చెప్పాను. ఆవిడ నా కప్పులో ఇంకాస్త టీ పోసి, "అయితే మీ అక్క బుర్ర కుదుటపడిందన్నమాట" అంది.

పోసింది ఎవరైనా మిగతా సీసా తాగింది నేనే. అది నీ నెత్తిన పెట్టను. కానీ నేను "వద్దు" అన్నానని రాశావు చూడు, ఆ ఒక్క మాట కోసం ఉత్తరం పదిసార్లు చదివాను. వద్దనగలిగిన మనిషి అప్పుడు కూడా నాలో ఉన్నాడన్నమాట. ఎంత తేలికగా ఉందో చెప్పలేనక్కా.

సభలో నా మాట దిద్దుకోవాలి. నీ పేరుతో చెప్పనా వద్దా, నువ్వే చెప్పాలి.

పెళ్ళికి వస్తాను. గిన్నెలు ఎత్తే సమయానికి గుడి బయట నిలబడి ఉంటాను. చిఫుమిని దూరం నించి చూస్తే చాలు.

తమ్ముడు


(కార్డు)
అకితా, సెప్టెంబరు 26

మేనమామ గుడి బయట నిలబడతాడా? చెప్పులు కాస్తావా అక్కడ? లోపలికి రా, నా వెనక వరసలో కూర్చో. మిగతాది నాకొదిలెయ్యి. సభలో ఏమీ దిద్దకు. అది నా వంతు. బావ నడుం బాగైంది.

ఫు.


సకాయ్
నవంబరు 9

అక్కకి,

చలి మొదలైంది, మీకు తొలి మంచు పడే ఉంటుంది. పెళ్ళి శుభంగా జరిగింది, చిఫుమి తెల్లబట్టల్లో అచ్చం అమ్మలా ఉంది.

ఆ గిన్నె ముచ్చట నీకు చెప్పకుండా ఉండలేను. మొదట నువ్వు వెనక్కి తిరగలేదు, ఒక్క సైగైనా చేయలేదు. గుళ్ళో సేవ చేసే అమ్మాయి వరసలో ఒక్కొక్కరికే పోసుకుంటూ వస్తోంది. నా కాళ్ళు తలుపు వైపు లాగుతున్నాయి. పక్కన బావ మోకాలు నా మోకాలికి ఆనించి కూర్చున్నాడు, అది ప్రేమో కాపలానో తెలియలేదు. గిన్నె నిండింది. అప్పుడు నువ్వు తిరిగి చూశావు. ఆరేళ్ళ క్రితం నాకు కప్పు అందించిన మనిషివే. కానీ ఈసారి నీ కళ్ళు భయపడటం లేదు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. ఇంకోసారి చూశాను. లేదు. అందరితో పాటు ఎత్తి మూడు గుక్కల్లో తాగాను. నీళ్ళు! చల్లటి నీళ్ళు! నేను జన్మలో తాగిన వాటిలో అంత రుచైనది ఇంకోటి లేదు.

విందులో సీసాలు పట్టుకుని పోయడానికి ఎంతమంది వచ్చారో చూశావుగా. నేను కప్పు బోర్లించాను. బావ కూడా తన కప్పు బోర్లించి, వచ్చినవాళ్ళందరికీ "పొద్దున్నే మేమిద్దరం రేడియో మొయ్యాలి" అని చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ మళ్ళీ అడగలేదు.

పూజారిని ఎలా ఒప్పించావు?

తమ్ముడు


అకితా
నవంబరు 28

తమ్ముడికి,

మోకాలెత్తు మంచు పడింది. పొద్దున బావ పార తీసుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ కసరత్తు పాట పాడుతున్నాడు. పక్కింటివాళ్ళు ఆయన తాగాడనుకుంటున్నారు.

పూజారి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మూడుసార్లు తిరిగాను. పెళ్ళిరోజు పొద్దున నాలుగోసారి వెళ్ళి కూర్చుని, ఆరేళ్ళనాటి కథంతా చెప్పేశాను. బతికున్న మనిషికి నేను నోటితో చెప్పడం అదే మొదలు. ఆయన విని, "దేవుడి ముందు సాకేతో పాటు రోజూ నీళ్ళూ పెడుతున్నాం కదా. ఆయన ఏనాడూ వద్దనలేదు" అన్నాడు. బంధువుల గిన్నెలన్నిటికీ గుడి బావినీళ్ళే పోయించాడు. నీ ఒక్కడికే వేరుగా పోస్తే అందరూ నిన్నే చూస్తారని అలా చేయమన్నాను. ఆఖరి నిమిషంలో కుదిరింది, నీకు చెప్పే వ్యవధి లేదు.

అసలు తమాషా నీకు తెలియదు. సాకే పీపా ఇచ్చింది పెళ్ళికొడుకు పెదనాన్న. గిన్నె దించి పెదాలు తుడుచుకుని, పక్కవాళ్ళందరికీ వినబడేలా "చూశారా మా కొట్టు సరుకు! మంచినీళ్ళలా దిగింది!" అన్నాడు. ఇప్పుడు ఊళ్ళో అందరికీ అదే చెబుతున్నాడు. పూజారీ నేనూ ఎదురుపడితే నవ్వొస్తుందని తలలు తిప్పుకుంటున్నాం.

నిన్న సాయంత్రం పక్క పట్నంలో మీ సంఘం శాఖ ఒకటి ఉందంటే వెళ్ళాను. పదహారుమందే ఉన్నారు. కుటుంబాలవాళ్ళ వరసలో కూర్చున్నాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే బావ టోపీ పెట్టాను. నా వంతు వచ్చింది. లేచి పేరు చెప్పాను. "మా తమ్ముడు దొంగ కాదు. వద్దంటున్నా వాడి నోట్లో పోసింది నేను" అన్నాను. అంతకంటే ఏమీ రాలేదు, కూర్చున్నాను. ఎవరూ తిట్టలేదు, సలహా ఇవ్వలేదు. నువ్వు రాసినట్టే ఉంది.

ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను. ఈ పొద్దున అమ్మ పటం ముందు నీళ్ళు మార్చాను. ఆరేళ్ళుగా తల దించుకుని మారుస్తున్నాను. ఈవాళ ఆవిడ ముఖంలోకి చూసి మార్చాను.

జనవరిలో నేనే సకాయ్ వస్తాను. ఆ టోపీ కుర్చీ మీంచి తీసి ఉంచు.

అక్క